నెలసరి తొమ్మిది రోజులు దాటింది, గర్భమేనా?

మీరు అడిగిన సంగతికి జవాబు చాలావరకు మీరు రాసిన తేదీల్లోనే ఉంది కనుక ముందుగా వాటిని ఒక వరుసలో పెడతాను. మీ వయసు 23, పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు, అత్తవారి ఊరు నరసన్నపేట దగ్గర. నెలసరి మామూలుగా 30 రోజులకు వస్తుంది, ఒక్కోసారి 34 రోజుల దాకా జరుగుతుంది. చివరిసారి డిసెంబరు 28న వచ్చింది. హైదరాబాదులో పని చేసే మీ వారు సంక్రాంతికి జనవరి 12న వచ్చి 18న తిరిగి వెళ్లారు. జనవరి 27న రావలసిన నెలసరి ఈ రోజు, ఫిబ్రవరి 5 వరకు రాలేదు. జనవరి 28 సాయంత్రం గర్భ పరీక్ష కిట్‌తో చూసుకుంటే ఒకటే గీత వచ్చింది. ఫిబ్రవరి 3 రాత్రి మళ్లీ చేసి, అప్పుడు కూడా ఒకటే గీత ఉందని కిటికీలో పెట్టేస్తే, తెల్లవారాక రెండో గీత మసకగా కనబడింది. నిన్న గోధుమ రంగు మరక కొద్దిగా అంటింది. మీ పిన్ని మందుల షాపు నుంచి నెలసరి తెప్పించే మాత్రలు తెచ్చి ఇచ్చారు. అత్తగారు మూడో నెల వచ్చేదాకా ఎవరితోనూ అనవద్దంటున్నారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ఏఎన్‌ఎంగా, ఆ తరువాత ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పని చేసిన అనుభవంతో రాస్తున్నాను. మిగతా విషయాలు నిదానంగా చదువుకోవచ్చు గాని, ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పాలి: పిన్ని ఇచ్చిన మాత్రలు వేసుకోకండి. మీ తేదీలను బట్టి చూస్తే మీరు గర్భవతి అయి ఉండే అవకాశం బాగా ఉంది, ఆ సంగతి తేలడానికి ఇంకా రెండు మూడు రోజులే పడుతుంది.

నెలసరి ఎందుకు ఆలస్యమవుతుందో తెలిస్తే ఈ రెండు మూడు రోజులు ఎందుకు ఆగాలో అర్థమవుతుంది. నెలసరి మొదలైన రోజు నుంచి అండం విడుదలయ్యే దాకా పట్టే కాలం మనిషికీ మనిషికీ, ఒకే మనిషిలో నెలకూ నెలకూ మారుతూ ఉంటుంది. అండం విడుదలైన తరువాత నెలసరి వచ్చే దాకా పట్టే కాలం మాత్రం ఇంచుమించు స్థిరంగా, 14 రోజులకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. కాబట్టి గర్భం లేకుండా నెలసరి ఆలస్యమైందంటే చాలాసార్లు ఆ నెల అండమే ఆలస్యంగా విడుదలైందని అర్థం. పండగ పనుల్లో నిద్ర లేకపోవడం, జ్వరం రావడం, ఒక్కసారిగా బరువు తగ్గడం, మనసులో బెంగ, ఊరు మారడం, ఇవన్నీ అండాన్ని వెనక్కి నెట్టగలవు. కొత్తగా పెళ్లయి, భర్త దూరంగా ఉండి, అత్తవారింట్లో ఇమిడే ప్రయత్నంలో ఉన్న అమ్మాయిలకు నెలసరి వారం అటూ ఇటూ కావడం మేము తరచుగా చూస్తాం. 21 రోజుల నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా దాన్ని మామూలు నెలసరిగానే లెక్కిస్తారు.

ఇప్పుడు మీ లెక్కకు వద్దాం. మీది 30 రోజుల నెల అయితే అండం జనవరి 13 ప్రాంతంలో విడుదలై ఉండాలి. 34 రోజుల నెల అయితే జనవరి 17 ప్రాంతంలో. ఈ రెండు సందర్భాల్లోనూ మీ వారు ఇంట్లోనే ఉన్నారు. విడుదలైన అండం 12 నుంచి 24 గంటలు మాత్రమే బతుకుతుంది గాని, వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా జీవించి ఉండగలవు. అంటే 18న ఆయన బయలుదేరి వెళ్లిపోయిన తరువాత, 21న లేదా 22న అండం విడుదలైనా గర్భం నిలిచే వీలుంది. ఆయన వెళ్లిపోయాక గర్భం ఎలా వస్తుందని మీరు రాశారు. ఇలాగే వస్తుంది.

అండం ఫలించిన రోజే కిట్‌లో రెండు గీతలు రావు. ఫలించిన పిండం గర్భసంచికి చేరి, లోపలి పొరకు అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు రోజులు పడుతుంది. అతుక్కున్న తరువాతే హెచ్‌సీజీ అనే హార్మోను తల్లి రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి రావడం మొదలవుతుంది. మొదట్లో అది చాలా కొద్దిగా ఉండి, రెండు మూడు రోజులకొకసారి రెట్టింపవుతూ పోతుంది. మూత్రంలో ఆ హార్మోను ఒక స్థాయికి చేరితేనే కిట్ పట్టుకోగలదు. మీకు అండం జనవరి 20న విడుదలైందనుకుంటే పిండం అతుక్కోవడానికి ఫిబ్రవరి 1 దాకా పట్టవచ్చు. అలాంటప్పుడు జనవరి 28న కిట్‌లో ఒకటే గీత రావడంలో వింత లేదు. ఆ రోజు పరీక్ష గర్భం లేదని చెప్పలేదు, చెప్పగలిగే సమయం ఇంకా రాలేదు, అంతే.

అందుకే నెలసరి ఎప్పుడు రావాలో కచ్చితంగా తెలియని వారికి మేము వేరే లెక్క చెబుతాం. భార్యాభర్తలు చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు గడిచాక చేసిన పరీక్షలో గర్భం లేదని వస్తే ఆ మాటను నమ్మవచ్చు. భర్తలు హైదరాబాదుకో, చెన్నైకో, వేటకు గుజరాత్ తీరానికో వెళ్లి పండగలకు వచ్చిపోయే మన జిల్లాల కుటుంబాల్లో ఈ లెక్క ఎంతో సులువు, ఎందుకంటే ఆయన బస్సెక్కిన తేదీ ఎవరూ మరిచిపోరు. మీ విషయంలో జనవరి 18కి 21 రోజులు కలిపితే ఫిబ్రవరి 8 అవుతుంది. రేపు ఉదయం చేసుకున్నా తప్పు లేదు. రేపే రెండు గీతలు వస్తే అది గర్భమే అనుకోవచ్చు. ఒకటే గీత వస్తే మాత్రం 8వ తేదీ ఉదయం మళ్లీ చేయవలసిందే.

కిట్ వాడడంలో కొన్ని జాగ్రత్తలున్నాయి. ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రంలో హార్మోను చిక్కగా ఉంటుంది. సాయంత్రం నాటికి తాగిన నీళ్లన్నీ కలిసి అది పలచబడుతుంది. మీరు రెండుసార్లూ పొద్దుపోయాకే చేశారు. మూత్రం పట్టే గిన్నెకు సబ్బు జిడ్డు ఉండకూడదు, అది పొడిగా ఉండాలి. రేకు కవరు మీద గడువు తేదీ చూసి, పరీక్ష చేసే ముందే దాన్ని చింపండి. ఎస్ అని రాసి ఉన్న గుంటలో, కిట్‌తో వచ్చిన కాగితంలో చెప్పినన్ని చుక్కలే వేసి, కిట్‌ను సమతలంగా పెట్టి గడియారం చూసుకోండి. ఐదు నిమిషాల లోపు సి అనే అక్షరం దగ్గర గీత రాకపోతే కిట్ పాడైనట్టే. సి దగ్గర, టీ దగ్గర రెండు గీతలు వస్తే, టీ దగ్గరిది ఎంత లేతగా ఉన్నా, గర్భం ఉన్నట్టుగానే తీసుకోవాలి. పది నిమిషాలు దాటాక కనిపించేదాన్ని ఏ రకంగానూ లెక్కలోకి తీసుకోకూడదు, తేమ ఆరిపోయినప్పుడు కూడా టీ దగ్గర బూడిద రంగు చార ఒకటి పడుతుంది. మీరు తెల్లవారాక చూసింది అదే కావచ్చు. నిజంగానే గర్భపు తొలి సూచన కూడా కావచ్చు. ఆ కిట్‌ను చూసి ఏ సంగతీ ఎవరూ చెప్పలేరు కనుక దాన్ని పారేయండి. కొత్త కిట్ కోసం షాపుకు వెళ్లడం ఇబ్బందిగా ఉంటే మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి, ప్రభుత్వం నిశ్చయ్ అనే పేరుతో ఈ కిట్లను ఉచితంగానే ఇస్తుంది.

గోధుమ రంగు మరక గురించి కొంచెం వివరంగా రాయాలి, ఇక్కడ పొరపాటు జరిగితే ప్రాణాల మీదకు వస్తుంది. పిండం గర్భసంచికి అతుక్కునే రోజుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడడం మామూలే. నెలసరి మొదలవబోతున్నప్పుడు కూడా ఇలాగే ఉంటుంది. కాని ఎప్పటిలాంటి నెలసరి కాకుండా, అసలే ఆలస్యంగా వచ్చి, ఒకటి రెండు రోజులు మరకలాగా కనబడి ఆగిపోయిన దాన్ని నెలసరి అని లెక్కలో రాసుకోకండి. పరీక్ష చేసుకోవలసిందే.

గర్భసంచిలో కాకుండా, అండాశయం నుంచి గర్భసంచికి అండాన్ని తెచ్చే అండవాహికలో పిండం నాటుకుంటే తొలి రోజుల్లో అది అచ్చం ఇలాగే కనబడుతుంది. నెలసరి ఆలస్యం, కొద్దిపాటి మరక, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి. వాహిక సన్నని గొట్టం, పెరిగే పిండానికి అందులో చోటు లేదు, అది చిట్లితే రక్తం కడుపు లోపలికే కారుతుంది గనుక బయటికి పెద్దగా ఏమీ కనబడదు. నొప్పి ఎక్కువవడం, కళ్లు తిరిగి పడబోవడం, చల్లటి చెమటలు పట్టడం, భుజం చివర కారణం లేని నొప్పి రావడం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా పరీక్ష కోసం ఆగకండి, తెల్లవారనివ్వండి అని ఎవరు చెప్పినా వినకండి. 108కి ఫోన్ చేసి ఆపరేషన్ థియేటరు, రక్తం ఎక్కించే ఏర్పాటు ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. మీకు దగ్గర్లో శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి ఉంది, మీ కన్నవారిల్లు చీపురుపల్లి వైపు అన్నారు కనుక ఆ సమయానికి అక్కడ ఉంటే విజయనగరం ఘోషా ఆసుపత్రి ఉంది. గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగించి, వాము నమిలించి గంటలు పోగొట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు. వయసులో ఉన్న స్త్రీకి నెల దాటి నొప్పి వస్తే, గర్భం కాదని తేలేదాకా దాన్ని గ్యాస్ అనకూడదు.

ఇది చదువుతున్న పెద్దవాళ్లకు కూడా ఒక మాట. ఇద్దరు పిల్లల తరువాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు మన పల్లెల్లో ఇంటింటా ఉన్నారు. ఆపరేషన్ అయ్యాక గర్భం రావడం చాలా అరుదు. వస్తే మాత్రం అది వాహికలో నిలిచే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. ఆపరేషన్ అయింది కదా అని నెల దాటినా పరీక్ష చేసుకోకుండా ఉండకండి.

మాత్రల సంగతి. నెలసరి తెప్పించడానికి షాపుల్లో సాధారణంగా ఇచ్చేది నోరెథిస్టిరోన్ అనే హార్మోను మాత్ర. గర్భం లేనప్పుడు అది కొన్ని రోజులు వాడి ఆపితే, ఆపిన రెండు రోజుల నుంచి వారం లోపు రక్తస్రావం అవుతుంది. గర్భం ఉంటే దానివల్ల నెలసరి రాదు, గర్భం పోదు, బిడ్డకు అక్కరలేని హార్మోను మాత్రం లోపలికి వెళుతుంది. అంతకంటే భయపడవలసింది మరొకటి ఉంది. కొన్ని చోట్ల నెలసరి మాత్ర అంటే మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ కలిపిన గర్భస్రావపు కిట్‌ను చేతిలో పెడతారు. డాక్టరు పరీక్ష చేసి, గర్భం గర్భసంచిలోనే ఉందని, తొమ్మిది వారాలు దాటలేదని చూసుకుని ఇవ్వవలసిన మందు అది. సొంతంగా వేసుకుంటే ఆగని రక్తస్రావం కావచ్చు, ముక్కలు లోపల ఉండిపోయి చీము పట్టవచ్చు, గర్భం వాహికలో ఉంటే ఆ మందు దాన్ని ఏమీ చేయలేదు, వచ్చిన రక్తాన్ని చూసి పని అయిపోయిందనుకునే లోపు వాహిక చిట్లిపోవచ్చు. పిన్నిగారు మీ మేలు కోరే తెచ్చి ఉంటారు. ఆ అట్ట మీద మందు పేరు చదివి, ఏఎన్‌ఎంకు చూపించండి. నువ్వుల చిమ్మిలి, బొప్పాయి తిని నెలసరి తెప్పించుకోవాలనే ప్రయత్నాలకూ ఫలితం ఉండదు, రోజులు మాత్రం గడిచిపోతాయి.

బిడ్డ ఇప్పుడే వద్దు అనుకునే పరిస్థితిలో ఉన్నవారు, పెళ్లి కానివారు కూడా ఇది చదువుతూ ఉండవచ్చు. వారికి కూడా షాపు మాత్ర దారి కాదు. 1971 నాటి వైద్య గర్భస్రావ చట్టం ప్రకారం, 2021లో దానికి చేసిన సవరణతో, 20 వారాల లోపు ఒక్క డాక్టరు అభిప్రాయంతో అనుమతి పొందిన ఆసుపత్రిలో గర్భస్రావం చేయించుకోవచ్చు. 18 ఏళ్లు నిండిన స్త్రీకి తన సంతకం చాలు, భర్త సంతకం గాని తల్లిదండ్రుల సంతకం గాని చట్టం అడగదు. వివరాలు గోప్యంగా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. ఎంత త్వరగా వెళితే అంత తేలికగా అయ్యే పని గనుక, ఆలస్యమైన నెలసరిని దాచుకుని కూర్చోవద్దు.

రెండు గీతలు వస్తే ఆ తరువాతి సంగతుల్లో నేను అన్నిటికంటే ముందుగా మీకు చెప్పదలచింది వారాల లెక్క. 8వ తేదీన మీరు ఆసుపత్రికి వెళితే, గర్భం ఆరు వారాలది అని చీటీ మీద రాస్తారు. ఇంటికి వచ్చి ఎవరైనా ఆరు వారాలు వెనక్కి లెక్కపెడితే డిసెంబరు 28 వస్తుంది. ఆ రోజు మీ వారు హైదరాబాదులో ఉన్నారు, ఇక్కడికి వచ్చింది జనవరి 12న. ఈ రెండు తేదీల మధ్య ఉన్న రెండు వారాల తేడాను అర్థం చేసుకోక, ఏ పాపం ఎరుగని ఆడపిల్లలను అనుమానించిన ఇళ్లు నేను చూశాను. ఒక ఇంట్లో మామగారు కేలండరు గోడ మీద నుంచి తీసి నా ముందు పెట్టి, వేలితో ఒక్కొక్క గడీ లెక్కించి చూపించారు. ఆయనకు అదే కేలండరు మీద చెప్పవలసి వచ్చింది. డాక్టర్లు గర్భాన్ని ఎప్పుడూ చివరి నెలసరి మొదలైన రోజు నుంచే లెక్కిస్తారు, అండం ఫలించిన రోజు ఎవరికీ తెలియదు కాబట్టి. ఆ లెక్కలో మొదటి రెండు వారాలు స్త్రీకి అసలు గర్భమే ఉండదు. ఆరు వారాల గర్భం అంటే కడుపులో పిండం వయసు నాలుగు వారాలే. స్కానింగ్ రిపోర్టులో వచ్చే వారాలు కూడా ఇదే పద్ధతిలో ఉంటాయి. మీ వారికి ఫోన్‌లో కబురు చెప్పేటప్పుడే ఈ సంగతి కూడా చెప్పండి, అత్తగారికి కూడా ముందే చెప్పి ఉంచండి.

ప్రసవం తేదీ కూడా చివరి నెలసరికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపి వేస్తారు. మీకు అది అక్టోబరు మొదటి వారంలో పడుతుంది. అండం ఆలస్యంగా విడుదలై ఉంటే అది కొన్ని రోజులు ఆలస్యంగా పడుతుంది. ఆ సరిచూపు స్కానింగ్‌లో జరుగుతుంది. నొప్పిగాని రక్తస్రావం గాని లేకపోతే రెండు గీతలు కనబడిన రోజే స్కానింగ్‌కు పరుగెత్తనవసరం లేదు. అయిదో వారంలో చూస్తే తిత్తి తప్ప మరేమీ కనబడక, గుండె చప్పుడు లేదన్న మాట విని, బాగున్న గర్భం గురించి ఏడ్చినవారున్నారు. ఏడెనిమిది వారాలకు వెళితే గుండె కదలిక కనబడుతుంది, వయసు కూడా నాలుగైదు రోజుల తేడాతో తెలుస్తుంది.

మూడో నెల దాకా చెప్పవద్దన్న అత్తగారి మాటను ఇరుగుపొరుగు వరకు పాటించండి, నాకు అభ్యంతరం లేదు. ఏఎన్‌ఎం దగ్గర, ఆశా దగ్గర మాత్రం ఆ దాపరికం వద్దు. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం మూసుకునేది ఆరో వారం ప్రాంతంలోనే. అది సరిగా మూసుకోవడానికి కావలసిన ఫోలిక్ యాసిడ్ మాత్ర, రోజుకు 400 మైక్రోగ్రాములు, నిజానికి గర్భం రాకముందు నుంచే వాడాలి. మూడో నెలలో మొదలుపెడితే ఆ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. పరీక్ష ఫలితం ఎలా వచ్చినా ఆ మాత్ర వల్ల నష్టం లేదు కనుక రేపే మొదలుపెట్టండి. 12 వారాల లోపు పేరు నమోదు చేయించుకుంటే రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు, బీపీ, మూత్రంలో ఆల్బుమిన్ అన్నీ చూస్తారు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన పరీక్షలు రెండు ఉన్నాయి. కిడ్నీ జబ్బు ఎక్కువగా కనబడే కవిటి, సోంపేట, కంచిలి వంటి ఉద్దానం మండలాల్లో పుట్టి పెరిగినవారు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నవారు, మొదటి పరీక్షలోనే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడమని అడగండి. ఆ జబ్బు మొదట్లో పైకి ఏమీ తెలియనివ్వదు, గర్భంలో బీపీ పెరిగాక బయటపడితే తల్లికీ బిడ్డకూ కష్టం. సీతంపేట, పార్వతీపురం వైపు గిరిజన కుటుంబాల వారు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు పరీక్ష భార్యాభర్తలిద్దరికీ చేయించుకోవాలి. నడుము నొప్పికి, తలనొప్పికి షాపులో డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కొని వేసుకునే అలవాటు ఉంటే ఈ రోజే మానండి. థైరాయిడ్ మాత్రలు, మూర్ఛ మాత్రలు వాడేవారు మాత్రం గర్భం అని తెలియగానే సొంతంగా ఆపకూడదు, డాక్టరును అడిగాకే ఏ మార్పయినా.

8వ తేదీ ఉదయం కూడా ఒకటే గీత వస్తే జనవరిలో గర్భం నిలవలేదని దాదాపుగా అనుకోవచ్చు. అప్పుడు ఇంకో వారం ఆగండి. అండం ఆలస్యంగా విడుదలై ఉంటే ఆ లోపు నెలసరి తానే వస్తుంది, ఎప్పటికంటే కొంచెం ఎక్కువ పోయినా కంగారు పడవద్దు. 15వ తేదీకి కూడా రాకపోతే ఇంకొకసారి కిట్‌తో చూసుకుని, డాక్టరు దగ్గరకు వెళ్లండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోను రక్త పరీక్షలు, అవసరమైతే అండాశయాల్లో నీటి బుడగలున్నాయేమో చూసే స్కానింగ్ రాస్తారు. గడ్డం మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు, ఏడాదిలో బాగా పెరిగిన బరువు ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. అత్యవసర గర్భనిరోధక మాత్ర అంటే 72 గంటల మాత్ర ఎప్పుడైనా వేసుకున్నారా, గర్భం రాకుండా వాడే ఛాయ మాత్రలు గాని అంతర ఇంజెక్షన్ గాని వాడారా అన్నది దాచకండి. ఇవి మూడూ నెలసరి తేదీని మార్చేవే, అంతర ఇంజెక్షన్ అయితే నెలల తరబడి నెలసరినే ఆపేస్తుంది. అన్నీ చూశాక ఆ డాక్టరే మీకు నోరెథిస్టిరోన్ రాయవచ్చు. అప్పుడు పిన్ని తెచ్చిన మాత్రలు అవేనా అని అట్ట చూపించి అడగండి.